మంచం మీది నుంచి దేవునితో పంచాయితీ

మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. జబ్బు ఎంత పెద్దదో ముందు చెప్పాలి. డాక్టర్లు ఇక లాభం లేదన్నారని చెప్పాలి. ఆ తర్వాత ఫలానా కూడికలో ప్రార్థన జరిగిందనీ, మర్నాటికి లేచి నడిచాననీ చెప్పి కూర్చోవాలి. ఒక ఆదివారం నన్ను కూడా నిలబెట్టారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మా డాక్టరు ఒక్కసారి కూడా లాభం లేదనలేదు. పడుకోమన్నారు, పడుకున్నాను. మందులు మింగమన్నారు, మింగాను. పడుకున్నన్ని నెలలూ దేవునితో కొట్లాడాను" అన్నాను. అంతే. మైకు దగ్గరున్న సంఘపెద్ద గట్టిగా "స్తోత్రం" అని మైకు లాక్కున్నాడు.

మిగతాది చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నాలాగే వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం. పరామర్శకు వెళ్ళేవాళ్ళ కోసం ఇంకా ఎక్కువగా.

నా పేరు ఎస్తేరు. గూడూరు మండలంలో అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో తెలుగు టీచర్ని. మా ఆయన ప్రభుదాసు భూపాలపల్లిలో బొగ్గు బాయిలో పంపు ఆపరేటరు. అప్పటికి ఇవన్నీ వేరువేరు జిల్లాలు కాలేదు, అంతా వరంగల్ జిల్లానే. నేనూ మా పాప ప్రేమలతా గూడూరులో అద్దె గదిలో ఉండేవాళ్ళం. ఆయన భూపాలపల్లి క్వార్టర్లో, వాళ్ళమ్మ రాహేలమ్మతో. సెలవు దొరికినప్పుడు ఆయన వచ్చేవాడు, లేకపోతే మేం పోయేవాళ్ళం. అలా పదేళ్ళు గడిచాయి.

2011, జనవరి నుంచి జూన్ దాకా

నొప్పి నడుముకు కొంచెం పైన మొదలైంది. బోర్డు మీద పైవరుసలో రాయడానికి చెయ్యెత్తితే వీపులో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు ఉండేది. అందుకని బోర్డు సగం నుంచి కింద రాయడం మొదలుపెట్టాను. వెనక బెంచీల పిల్లలు లేచి నిలబడి రాసుకునేవారు.

నా నొప్పికి పేరు పెట్టనివాళ్ళు లేరు. హెడ్మాస్టరు గ్యాస్ అన్నాడు. మా అమ్మ నరం పట్టింది అంది. ఊళ్ళో సూదులిచ్చే ఆయన బలహీనత అని బలానికి సూదులు ఇచ్చాడు. మా ఆయన ఫోన్లో, "బస్సుల తిరుగుడు ఎక్కువైంది, జర రెస్టు తీస్కో" అన్నాడు. ఎప్పుడు తీసుకోవాలో మాత్రం చెప్పలేదు. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. సన్నబడ్డావని స్టాఫ్‌రూంలో మెచ్చుకున్నారు కూడా.

ఐదు నెలలు ఇలాగే తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే అందరికంటే ముందు నన్ను నేనే తిట్టుకోవాలనిపిస్తుంది. జూన్‌లో బడి తెరిచిన వారానికి, బస్సు దిగి నడుస్తుంటే వెనక నుంచి ఒక ముసలామె కేకేసింది. "ఓ పంతులమ్మా, చెప్పు ఇడిశి పోతున్నవేందీ?" అని. తిరిగి చూస్తే నా ఎడమకాలి చెప్పు ఇరవై అడుగుల వెనక దుమ్ములో పడి ఉంది. ఉత్త కాలితో కంకర మీద నడిచాను, నాకు తెలియలేదు. నాకు అప్పుడు భయమేసింది. అంతవరకు నొప్పి ఉంది కానీ భయం లేదు.

జూలై

హనుమకొండలో ఎముకల డాక్టరు దగ్గర పొద్దున ఎనిమిదింటికి పేరు రాయించి మధ్యాహ్నం మూడింటి దాకా కూర్చున్నాం. కూర్చున్నాం అంటున్నాను కానీ నేను కూర్చోలేకపోయాను. ముందుకు వంగితే ఒక నొప్పి, వెనక్కి వాలితే ఇంకొకటి. గోడకున్న టీవీలో ఎమ్మెల్యేల రాజీనామాల వార్తలు వస్తున్నాయి. కట్టు కట్టిన చేతులవాళ్ళూ, కర్రలవాళ్ళూ, అందరూ తలలు ఎత్తి అదే చూస్తున్నారు. మా ఆయన కూడా. "ఈసారి వచ్చుడే ఎస్తేరూ" అన్నాడు. నేను నా వంతు గురించి అంటున్నాడనుకుని లేచాను. ఆయన అన్నది తెలంగాణ గురించి.

మా పక్కన కూర్చున్న ఒకామె, పేరు కూడా తెలియదు, తన సంచిలోని దుప్పటి మడిచి బెంచీ మీద పరిచి, "పండు చెల్లె, నేను నిలబడ్త" అంది. రెండు గంటలు నిలబడింది. ఆమెకు నేను థాంక్స్ చెప్పానో లేదో గుర్తులేదు.

డాక్టరు గారిది కోస్తా మాట. ఆ రోజుల్లో ఆ మాట వింటేనే మా ఆయన మొహం బిగుసుకునేది. డాక్టరు గారు నా ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పెట్టి, నావైపు తిరిగి నెమ్మదిగా చెప్పారు. "అమ్మా, వెన్నుపూసకి టీబీ వచ్చింది. తగ్గిపోతుంది. కానీ మూడు నెలలు మంచం దిగకూడదు. కూర్చోనూ కూడదు. తడి ఆరని గోడ మీద బరువు పెట్టం కదా, అలాగే. మాట వినకుండా లేచారంటే కాళ్ళు పడిపోవచ్చు."

"బాత్రూంకు?" అన్నాడు మా ఆయన.

"మంచం మీదే."

నేను అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటకు ఏడ్చాను. డాక్టరు గారు చీటీ రాయడం ఆపేసి, నేను ఏడ్చి ముగించేదాకా ఊరికే కూర్చున్నారు. బయట యాభై మంది ఉన్నారు. అయినా కూర్చున్నారు. దారిలో మా ఆయన, "మంచోడే" అన్నాడు, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు.

ప్రేమలతను స్టేషన్ ఘన్‌పూర్‌లో మా అమ్మ దగ్గర దింపారు. నన్ను ఒక జీపు వెనక సీట్లో పడుకోబెట్టి భూపాలపల్లి తీసుకెళ్ళారు. పరకాల దాటాక రోడ్డు మీద ఎన్ని గుంతలున్నాయో నా వీపుకు తెలుసు.

ఆగస్టు

క్వార్టర్లో ముందు గదిలో చెక్క మంచం వేశారు. పరుపు లేదు, గట్టి బల్ల మీద ఒక బొంత. తలుపు తెరిస్తే వీధి, పక్కన వంటగది. వీధిలో పోయే ప్రతి ఒక్కరికీ నేను కనిపిస్తాను. నాకు మాత్రం పైకప్పు, ఫ్యాను, ఫ్యాను కొక్కెం దగ్గర ఒక బల్లి.

మా అత్తమ్మ రాహేలమ్మకు అప్పటికి డెబ్బై దగ్గర. చదువు లేదు. పొద్దున నాలుగింటికి లేచిన దగ్గర్నుంచి ఆమె దేవునితో మాట్లాడుతూనే ఉంటుంది. మోకాళ్ళ మీద కాదు, కళ్ళు మూసుకుని కాదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "సూడయ్యా, గివి బియ్యమేనా, రాళ్లల్ల బియ్యం కలిపిండా ఆడు?" అంటుంది. పాలు పొంగితే, "నువ్వన్న జెప్పద్దా తండ్రీ" అంటుంది. నా బెడ్‌పాన్ తీసుకెళ్తూ, "పిల్ల సిగ్గుపడుతున్నది, జర ధైర్యమియ్యి" అని నాకు వినిపించేటట్టే చెబుతుంది. ఇది రోజంతా. వారం పదిరోజుల్లో నా తల తిరిగిపోయింది.

"అత్తమ్మా, ప్రార్థన చేస్తే ప్రార్థన చేయండి, పని చేస్తే పని చేయండి" అన్నాను ఒకరోజు.

"ఏదైతే ఏంది బిడ్డా, ఆయన ఈడనే ఉండె" అంది, పక్కింటి మనిషి గురించి చెప్పినట్టు.

నా ప్రార్థన అలా ఉండేది కాదు. నేను తెలుగు టీచర్ని. బీఈడీ కోస్తాలో చదివాను. మొదటి రోజు క్లాసులో లేచి "గిట్ల కాదు సార్" అన్నందుకు ఏడాదంతా నన్ను "గిట్ల" అని పిలిచారు. ఆ ఏడాది నా నాలుకను ఇస్త్రీ చేసుకున్నాను. బడిలో పుస్తకం మాట, స్టాఫ్‌రూంలో పుస్తకం మాట, అత్తమ్మతో కూడా "చేయండి, రండి". ప్రార్థనలోనైతే ఇంకా ఎత్తు మాట. "మహోన్నతుడవైన తండ్రీ, నీ పాదసన్నిధికి చేరవచ్చుచున్నాము" అని మొదలుపెడితే స్త్రీల కూడికలో అందరూ తలలు ఊపేవారు. మంచంలో పడ్డాక ఆ మాటలు నోటికి వచ్చేవి, అక్కడే ఆగిపోయేవి. బెడ్‌పాన్ మీద పడుకుని మహోన్నతుడా అనడానికి నోరు రాలేదు.

పరామర్శలు మొదలయ్యాయి. టీబీ అనగానే కొందరు గుమ్మం దగ్గరే ఆగారు. ఇది అంటుకునే రకం కాదని మా ఆయన చెప్పినా, చాయ్ వద్దన్నారు. కొందరు లోపలికి వచ్చి మరీ బాధపెట్టారు. మా సంఘం నుంచి వచ్చిన ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకుని, "హృదయంలో దాచుకున్న పాపం ఏదన్న ఉంటె ఒప్పుకో బిడ్డా, రోగం దానంతటదే పోతది" అంది. నేను వెల్లకిలా పడుకుని, తల కూడా తిప్పలేక, నా ముప్పై ఎనిమిదేళ్ళలో వెన్నుపూస కరిగేంత పాపం ఏం చేశానా అని నిజంగానే వెతికాను. వెతికినందుకు తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది. ఇది చదివేవాళ్ళకు దండం పెట్టి చెబుతున్నాను. రోగి దగ్గరికి పోతే ఆ ప్రశ్న అడగకండి. బత్తాయిలు పట్టుకెళ్ళండి, పక్కన కూర్చుని ఒలిచి పెట్టండి, రండి.

పాస్టరు అయ్యగారు మంచి మనిషి. ఆయన ఆ ప్రశ్న అడగలేదు. ఆయన ఇంకో పని చేశారు. "ఎస్తేరమ్మా, ఈ మూడు నెలలు దేవుడు నీకిచ్చిన ఏకాంతం. ప్రతి గంటకూ ఒక్కసారి ఆయన సన్నిధిని తలుచుకో. కొన్నాళ్ళకు అలవాటై రోజంతా ఆయన పక్కనే ఉన్నట్టు తెలుస్తది" అని నా ఫోనులో గంటగంటకూ మోగేటట్టు అలారం పెట్టి వెళ్ళారు.

నేను నిజాయితీగా ప్రయత్నించాను. ఎనిమిదింటికి మోగింది, "ప్రభువా, నీవు ఇక్కడ ఉన్నావు" అన్నాను. వీపు దురద పెట్టింది. తొమ్మిదింటికి మోగింది, ప్రేమలతకు బూట్లు చిన్నవైన సంగతి గుర్తొచ్చింది. పదింటికి బల్లి కదిలింది. పదకొండింటికి అప్పుడే పట్టిన కునుకు చెడింది. పన్నెండింటికి నాకు ఏడుపు వచ్చింది, దేవుని మీద ప్రేమతో కాదు, అలారం మీద కసితో. పదకొండు రోజులు చేశాను. ఏ గంటలోనూ ఆయన ఉన్నట్టు నాకు అనిపించలేదు. పైగా ప్రతి గంటకూ ఒకసారి, ఆయన లేడని గుర్తుచేసుకున్నట్టు అయింది. ఆ అలారం తీసేయమని మా ఆయనతో చెప్పడానికి కూడా భయం. తీసేస్తే పాపమేమో అని.

సెప్టెంబర్

తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బాయిలు ఆగాయి, బస్సులు ఆగాయి, బడులు ఆగాయి. బొగ్గు లేక కరెంటు గంటలు గంటలు పోయేది. ఫోను చార్జింగ్ లేక చచ్చిపోయింది, దాంతో అలారం కూడా. పాస్టరు అయ్యగారికి ఇప్పటిదాకా ఈ సంగతి చెప్పలేదు.

రాష్ట్రమంతా పని ఆపింది, నేను అంతకు రెండు నెలల ముందే ఆపాను, నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇలాంటి చేదు జోకులు వేసుకుంటూ పడుకునేదాన్ని. ఫ్యాను తిరగదు. వీపు కింద బొంత తడిసిపోయేది.

సమ్మె అంటే మా ఆయన ఇంట్లో ఉంటాడనుకున్నాను. ఆయన పొద్దున నాకు జడ వేసి, జడ వేయడం ఆ నెలల్లోనే నేర్చుకున్నాడు, తొమ్మిదింటికల్లా ధర్నా టెంటుకు పోయేవాడు. సాయంత్రం గొంతు పోయి వచ్చేవాడు.

నెలాఖరులో హనుమకొండ వెళ్ళి మళ్ళీ ఫిల్ము తీయించుకోవాలి. బాగుంటే కూర్చోనిస్తారు. నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. పోవాల్సిన రోజు రోడ్ల మీద రాస్తారోకో. బండివాళ్ళు ఎవరూ రామన్నారు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే, "తొందరపడి గుంతల్లో రావొద్దు, ఇంకో నెల పడుకోనివ్వండి, నష్టం లేదు" అన్నారట. నష్టం ఎవరికి లేదో నాకు అర్థం కాలేదు.

ఆ రోజు మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "మీ తెలంగాణ వచ్చేసరికి నేను ఈ మంచానికే అతుక్కుపోతాను. రోడ్డు ఆపింది మీరే కదా! మీ పెళ్ళాం పోవాల్సిన రోడ్డు!"

"నేనొక్కన్ని ఇంట్ల కూసుంటె రోడ్డు తెరుస్తరా?" అన్నాడు ఆయన. "ఏం జెయ్యమంటవ్ ఎస్తేరూ? ఈడ కూసుంటె నీ నొప్పి తీసుడు నాకు రాదు. ఆడన్న పదిమందిల కలిసి అరుస్త."

పాపం, ఆయన నిజమే చెప్పాడు. కానీ ఆ రోజు నాకు పాపం అనిపించలేదు. మొహం గోడవైపు తిప్పుకుందామన్నా తిప్పుకోలేని స్థితి. కళ్ళు మూసుకున్నాను, అంతే.

అక్టోబర్ మొదటివారం

ఆ మధ్యాహ్నం గురించే అసలు నేను సాక్ష్యంలో చెబుదామనుకున్నది.

పన్నెండింటప్పుడు ఒకతను వచ్చి, టెంటు దగ్గర అందరినీ పోలీసులు వ్యానెక్కించారని చెప్పాడు. మా ఆయన కూడా వాళ్ళలో ఉన్నాడు. అత్తమ్మ చేతిలో గరిటె వదిలేసి, ఉన్న అన్నం కూర డబ్బాలో సర్ది, కొంగు బిగించింది.

"పొద్దటి సంది ఏం తినలే ఆడు. బువ్వ ఇచ్చి గంటల వస్త బిడ్డా. పక్కింటి సరోజకు చెప్పి పోత."

సరోజ భర్త కూడా బాయి పనే. రెండు క్వార్టర్లకూ మధ్య గోడ ఒక్కటే. వాళ్ళింట్లో గ్లాసు పడితే మా ఇంట్లో వినిపిస్తుంది. అత్తమ్మ గోడవతలి నుంచి కేకేయడం, సరోజ "సరే అవ్వా" అనడం విన్నాను. ఆ తర్వాత తెలిసింది, సరోజ కూడా కాసేపటికి సమ్మెవాళ్ళు రోడ్డు మీద చేసిన వంటావార్పు దగ్గర గిన్నెలు ఉన్నాయని అవి తెచ్చుకోవడానికి పోయింది.

ఒంటిగంట అయింది. నీళ్ళ సీసా అందుకోబోతే చేతికి తగిలి దొర్లి మంచం కిందికి పోయింది. దాహం ఒకవైపు. రెండోవైపు, చెప్పకుండా ఎలా ఉంటాను, బెడ్‌పాన్ కావాలి. అది తలుపు పక్కన ఉంది. నాలుగడుగుల దూరం.

సరోజను పిలిచాను. గట్టిగా, చాలాసార్లు. జవాబు లేదు.

రెండు అయింది. నాలుగడుగులే కదా అనిపించింది. మూడు నెలలు అయిపోయింది కదా, ఏమవుతుందిలే అనిపించింది. మోచేతి మీద కొంచెం లేచాను. ఎడమ కాలు బొంత మీద ఉందో గాల్లో ఉందో తెలియలేదు. వెంటనే పడుకున్నాను. తడి ఆరని గోడ అన్న మాట చెవిలో వినబడింది. ఈ నాలుగడుగుల కోసం లేచి, జీవితంలో మళ్ళీ లేవకుండా పోతే? ప్రేమలతకు పదకొండేళ్ళు.

లేవలేదు. ఆపుకోగలిగినంతసేపు ఆపుకున్నాను. ఆ తర్వాత ఆపుకోలేకపోయాను. బొంతంతా తడిసింది. ముప్పై ఎనిమిదేళ్ళదాన్ని, పిల్లలకు ఛందస్సు చెప్పేదాన్ని.

అప్పుడు నోరు తెరుచుకుంది. ఏ మాటతో మొదలైందో నాకు బాగా గుర్తుంది.

"ఏందయ్యా గిది?"

పదిహేనేళ్ళుగా నా నోట్లోంచి రాని మాట. వచ్చాక ఆగలేదు. "ఏందయ్యా గిది? నేనేం జేసిన నీకు? ఉన్నవా లేవా? ఉంటె గా సీసా కిందికెందుకు పోయింది? గంటగంటకు పిలిస్తె పలకకపోతివి. అత్తమ్మ పాలు పొంగినా నీకే చెప్తది, గామెకేమో పక్కనే ఉంటవ్. నేను పరాయిదాన్నా? నా పిల్లను చూడక మూడు నెలలాయె. నా పెనిమిటిని పోలీసులు పట్టుకపోయిన్రు. గీ బొంత తడిసింది, దీన్ని ఎవలు తీస్తరు? ఆ ముసలామె తీస్తది. ఆమె నడుము ఇరిగిపోతున్నది, నీకు కనబడ్తలేదా?" ఏడుస్తూ, అరుస్తూ, ఊపిరి కోసం ఆగి మళ్ళీ అందుకుంటూ. చెప్పు పడిపోయిన సంగతి దగ్గర్నుంచి పాపం అడిగిన పెద్దామె దాకా ఒక్కటి వదలకుండా అప్పజెప్పాను. చివరికి అరుపు తగ్గి మామూలు గొంతుతో, ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పినట్టు చెబుతున్నాను. అది ఎప్పుడు అలా మారిందో గమనించలేదు. "అలసిపోయిన" అన్నాను ఒకచోట. "నువ్వు గూడ అలసిపోయి ఉంటవ్ నన్ను ఇని ఇని" అన్నాను. నవ్వొచ్చింది.

వెలుగు రాలేదు, స్వరం వినబడలేదు. బొంత తడిగానే ఉంది. నొప్పి ఉన్నంత ఉంది.

నాలుగు దాటాక తలుపు నెట్టుకుని సరోజ వచ్చింది. రెండు చేతుల్లో రెండు చాయ్ గ్లాసులు. గదంతా చూసింది. వంటగదిలోకి తొంగి చూసింది.

"పోయిన్రా?" అంది.

"ఎవలు?"

"నీ కోసం వచ్చినోళ్లు. నేను వచ్చి గంటసేపాయె. నీ మాట ఇనబడ్తనే ఉండె గోడకాడ. చర్చోళ్లు ఎవలో వచ్చిన్రు, మనసు ఇప్పి మాట్లాడుతున్నది, నడుమ పోవుడెందుకని ఆగిన. ఇగ ఎంతసేపైనా పోతలేరని చాయ్ పెట్టుకొచ్చిన."

నేను ఆమె చేతిలోని రెండో గ్లాసు వైపు చూశాను. కోపం రావాలి నిజానికి. నేను గంటసేపు తడిలో నానుతుంటే, గోడకు అవతలే ఉండి, లోపల మనిషి ఉన్నాడని రాకుండా ఆగింది! ఒకసారి వచ్చింది కూడా ఆ కోపం. కానీ ఆమె అన్న మాట కోపం కంటే ముందు లోపలికి దిగిపోయింది.

"ఎవలూ రాలే సరోజా" అన్నాను.

"మరి ఎవలతోటి మాట్లాడినవ్?"

"దేవునితోటి."

సరోజ వాళ్ళింట్లో సమ్మక్క ఫొటో ఉంటుంది, శుక్రవారం శుక్రవారం దీపం పెడుతుంది. "గంతసేపా? గట్ల కొట్లాడుకుంటనా?" అంది. తర్వాత గ్లాసులు కింద పెట్టి దగ్గరికొచ్చింది, బొంత చూసింది. నన్ను కొంచెం కొంచెంగా పక్కకు దొర్లించి, బొంత లాగి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, వాళ్ళింట్లోంచి ఉతికిన దుప్పటి తెచ్చి వేసింది. చెంచాతో నాకు చాయ్ తాగించింది. రెండో గ్లాసు మంచం పక్కన కింద కూర్చుని తను తాగింది. "సల్లారింది" అంది, అంతే.

అత్తమ్మ ఆరింటికి వచ్చింది, వెనకే మా ఆయన. సాయంత్రానికి అందరినీ వదిలేశారట. సరోజ జరిగిన సంగతి చెబితే అత్తమ్మ నా తల నిమిరి, "కొట్లాడినవా? మంచిది. ఇగ మాటలు కలిసినయ్" అంది. తర్వాత వంటగదిలోకి పోయి, "ఇయ్యాల పిల్ల నీ చెవులు తినేసిందట గదా" అని దేవునితో మాట్లాడుతూ పొయ్యి వెలిగించింది. ఆ రాత్రి ఆమె మాటలు నాకు విసుగు పుట్టించలేదు. మర్నాటి నుంచి మళ్ళీ పుట్టించాయి, అది వేరే సంగతి.

ఆ తర్వాతి నెలలు

ఆ రోజు తర్వాత అంతా మారిపోయిందని రాస్తే అది మా సంఘపెద్దకు నచ్చే సాక్ష్యం అవుతుంది. మారలేదు. చాలా రోజులు దేవుడు ఉన్నట్టు ఏమీ అనిపించలేదు. కానీ అనిపించడం కోసం చూడటం మానేశాను. పొద్దున కళ్ళు తెరవగానే, "లేచిన. నొప్పి లేసింది నాకంటె ముందే" అనేదాన్ని. మందు బిళ్ళలు మింగి కడుపులో తిప్పితే, "గిదొకటి" అనేదాన్ని. ప్రేమలత ఫోన్లో ఏడిస్తే పెట్టేశాక, "ఇన్నవా?" అనేదాన్ని. నేను కసిరేవాటిలో సగం దేవునికి పంపడం అలవాటైంది. మా ఆయన మీదికి పోయేవి కొంత తగ్గాయి. ఆ సంగతి ఆయనే ముందు గమనించాడు. ఎదురుగా ఎవరూ లేకపోతే మనం విసుక్కోం కదా. నేను రోజుకు యాభైసార్లు విసుక్కున్నాను. దేవుడు పక్కనే ఉన్నట్టు తెలుస్తుందని పాస్టరు అయ్యగారు అన్నది ఇదేనేమో నాకు తెలియదు. అయ్యగారు చెప్పిన తీరులో మాత్రం రాలేదు.

సమ్మె ముగిసింది, రోడ్లు తెరిచారు. నవంబర్‌లో డాక్టరు గారు ఫిల్ము చూసి, "కూర్చోండి" అన్నారు. బెల్టు కట్టి నన్ను లేపి కూర్చోబెడితే కళ్ళు తిరిగాయి. గదిలో వస్తువులన్నీ వేరే చోట ఉన్నట్టు కనిపించాయి. సంక్రాంతి సెలవులు అయిపోయాక గోడ పట్టుకుని నడిచాను. మందులు ఇంకా చాలా నెలలు వాడాను. మరుసటి జూన్‌లో బడికి వెళ్ళాను. మొదటి రోజు నేను "గిట్ల కూసోండ్రి" అంటే పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పాఠం పుస్తకం మాటలోనే చెబుతున్నాను, మిగతాదంతా మా మాటలోనే.

డాక్టరు గారికి చివరిసారి చూపించుకోవడానికి వెళ్ళినరోజు హనుమకొండలో మళ్ళీ అదే బెంచీల మీద ఎదురుచూశాం. పక్కన ఒక లంబాడి అమ్మాయి, గూడూరు అవతల తండా నుంచి వచ్చింది, పాతికేళ్ళు ఉంటాయేమో. భర్త ఆమెతో వాళ్ళ భాషలో ఏదో సముదాయిస్తున్నాడు. ఆమె ఏడుస్తోంది. చేతిలో ఫిల్ము కవరు. చీటీ చూశాను, నాదే జబ్బు.

అతను నీళ్ళ కోసం లేచి వెళ్ళాక నా బెల్టు వైపు చూసి అడిగింది. "నీకు గూడ గిదేనా అక్కా?"

"గిదే."

"మూడు నెలలు పండుమన్నడు. నాకు ఇద్దరు పిల్లలు. నీకు భయం, బుగులు కాలేదా?"

"అయింది. శానా అయింది."

"మరి ఏం జేసినవ్?"

ఏకాంతం అనీ, సన్నిధి అనీ ఆమెతో అనడానికి నోరు రాలేదు. ఆమె దేవుడెవరో కూడా నాకు తెలియదు.

"తిట్టిన" అన్నాను.

"ఎవలను?"

"మా దేవున్ని. పొద్దున లేస్తె పండుకునేదాక."

ఏడుస్తున్నదల్లా చప్పున నవ్వేసింది, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అటూ ఇటూ చూసి నా వైపు వంగింది. "తిడితె ఊకున్నడా?"

"ఊకున్నడు" అన్నాను. "యాడికీ పోలే."

లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు. భర్త ఇంకా రాలేదు. ఒక చేత్తో ఆమె ఫిల్ము కవరు పట్టుకుని, ఇంకో చెయ్యి ఆమెకిచ్చి, ఇద్దరం మెల్లగా లేచాం.